మద్రాసు రోడ్డు మేడమీది ఎడిటింగ్ గది: పని, పొరపాటు, బిల్లు, ఒక వినతిపత్రం

నాపరాయి గనుల్లో బండలు తీసే మనుషుల మీద నేను తీసిన 52 నిమిషాల డాక్యుమెంటరీకి ఎడిటింగ్ మొదలుకొని థియేటర్ కాపీ వరకు మొత్తం పనిని కడపలోనే చేయించాను. మద్రాసు రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక సందులో, ఇంటి మేడమీద, ముగ్గురు మనుషులతో నడిచే పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియో అది. పేరు రాయకపోవడానికి కారణం యజమాని కోరికే. కింది అంతస్తులో ఆయన కుటుంబం ఉంటుంది, గేటుకు బోర్డు కూడా లేదు, ముందుగా ఫోన్ చేయకుండా ఎవరైనా మెట్లెక్కి వస్తే ఇంట్లోవాళ్ళకు ఇబ్బంది. పట్టణంలో పెళ్ళి వీడియోలు తీసే ఎవరిని అడిగినా దారి చెబుతారు. నాలుగు నెలల వ్యవధిలో దాదాపు 40 రోజులు అక్కడ కూర్చున్నాను కాబట్టి, పనితీరును గురించి, తీసుకున్న డబ్బును గురించి, జరిగిన ఒక పొరపాటును గురించి, ఆ బిల్లు చూశాక నాకు అర్థమైన పన్ను సంగతిని గురించి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నిజానికి నేను మొదట వెళ్ళింది హైదరాబాదుకు. అక్కడ ఒక ఎడిటర్ తొమ్మిది నిమిషాల మేరకు రఫ్ కట్, అంటే తొలి కూర్పు, చేసి చూపించారు. చేయి తిరిగిన మనిషి, కట్‌లో ఎక్కడా తడబాటు లేదు. కాని ఎర్రగుంట్ల దగ్గర గనిలో ఒక పెద్దాయన బండ మీద సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టి విని, మళ్ళీ తట్టే దృశ్యం అందులో లేదు. ఏమీ జరగని సమయం అనుకొని తీసేశారు. లోపల చీలిక ఉన్న బండ మొద్దుగా పలుకుతుంది, మంచి బండ గంటలా మోగుతుంది, ఆ తేడా విన్న తరువాతే ఆయన ఉలి పెడతాడు. ఆ పదకొండు క్షణాల మౌనమే ఆయన నేర్చిన విద్య అంతా. వివరిస్తే హైదరాబాదు ఎడిటర్ తిరిగి పెట్టేవారే, అందులో అనుమానం లేదు. అయితే 31 గంటల ఫుటేజీలో ఇటువంటివి ఎన్ని ఉన్నాయో, ప్రతిదానికీ పక్కన కూర్చొని ఎంతకాలం వివరించాలో లెక్క వేసుకున్నాక తిరిగి వచ్చేశాను. కడప స్టూడియో యజమానికి అదే దృశ్యం చూపిస్తే, ఆయన నన్ను ఏమీ అడగకుండానే శబ్దం పెంచి, రెండవ దెబ్బకు తల ఊపి, “చీలిక ఉండాది సార్” అన్నారు. ఆయన మేనమామ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశారట.

గది గురించి చెప్పాలంటే, పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. ఒకవైపు ఎడిటింగ్, కలర్ పనికి రెండు సిస్టములు, వాటిలో ఒకదానికి రంగులు సరిచేసి పెట్టిన మానిటర్. మరోవైపు చెక్క తడికతో వేరుచేసిన చిన్న డబ్బింగ్ గది. నేల మా జిల్లాలో ప్రతి ఇంటికీ ఉన్నట్టే నల్లబండలతో పరిచినది. బండ శబ్దాన్ని మింగదు, విసిరి కొడుతుంది. అందువల్ల గది అంతటా రెండు పొరల జంపఖానాలు పరిచి, గోడలకు బొంతలు వేలాడదీశారు. బండల మీద తీసిన సినిమాకు బండలే అడ్డం వచ్చాయని మేము చాలాసార్లు నవ్వుకున్నాం. విద్యుత్తు పోతే సిస్టములు ఆగవు, ఏసీ మాత్రం ఆగుతుంది, మే నెలలో ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

యజమాని హైదరాబాదులో పదకొండేళ్ళు సహాయ ఎడిటర్‌గా పనిచేసి, 2020లో లాక్‌డౌన్ సమయంలో ఊరికి వచ్చి ఉండిపోయారు. ఎడిటింగ్, కలర్ ఆయనే చూస్తారు. శబ్దం పనికి ఇరవై ఆరేళ్ళ యువకుడు ఒకరు, ఫుటేజీ సర్దడానికి, సబ్‌టైటిళ్ళకు ఒక అమ్మాయి ఉన్నారు. మొదటి వారం కట్టింగ్ అన్నమాటే లేదు. ఫుటేజీ మొత్తానికి తేలికపాటి నకళ్ళు తయారుచేసి, మూడు హార్డ్ డిస్కుల్లో మూడు చోట్ల భద్రపరచి, ప్రతి ఇంటర్వ్యూనూ మాటకు మాట రాయించారు. నాకు విసుగు కలిగిన మాట నిజం. కాని ఆ రాతప్రతి చేతికి వచ్చాక కూర్పు అంతా కాగితం మీదనే తేలింది, ఆ తరువాత టైమ్‌లైన్ మీద పని 19 రోజుల్లో ముగిసింది. మా మాండలికం తెలిసిన చేతిలో రాయించడం వల్ల ఇంకొక మేలు జరిగింది. “చేస్తాండాం”, “పోతాండాం” అన్న మాటలను ఎవరూ పుస్తకభాషలోకి దిద్దలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు మాత్రం కొంచెం పొడుగ్గా వచ్చాయి, చదివేలోపు మాయమైపోయేవి. రెండుసార్లు కుదించమని చెప్పవలసి వచ్చింది.

ఈ స్టూడియోలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది శబ్దం పని. పాలిష్ యంత్రం పక్కన నిలబెట్టి తీసిన నాలుగు ఇంటర్వ్యూలు పనికిరావనే నేను అనుకున్నాను. యంత్రం రొద, మనిషి గొంతు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇటువంటి చోట సాఫ్ట్‌వేరు మీట నొక్కి రొదను పూర్తిగా తుడిచేస్తే, మాట నీటి అడుగునుంచి వినబడినట్టు అవుతుంది. ఆ యువకుడు అలా చేయలేదు. మనిషి మాట్లాడని సందుల్లోంచి యంత్రం రొద ఒక్కదానినే నమూనాగా తీసుకొని, దానిని కొంతమేరకు మాత్రమే తగ్గించి, మాట వినబడడానికి అవసరమైన మధ్య శ్రుతులను పైకి తెచ్చి, ఆ రొదనే పక్కవైపు స్పీకర్లలోకి పలుచగా పరిచాడు. చూసేవాడికి యంత్రం అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది, మాట మాత్రం అర్థమవుతుంది. ఒక ఇంటర్వ్యూ దేనికీ లొంగలేదు. ఆ మనిషినే కడపకు పిలిపించి డబ్బింగ్ చేయిద్దామని అనుకున్నాం గాని, చీకటి గదిలో మైకు ముందు నిలబడేసరికి ఆయనకు నోరు పెగల్లేదు. చివరకు ఆ భాగంలో మాటకు బదులుగా ఆయన చేతులను చూపించాం.

ఇక్కడ ఒక పరిమితిని స్పష్టంగా చెప్పాలి. థియేటర్ కోసం చేసే 5.1 మిక్సింగ్‌ను, అంటే శబ్దాన్ని ముందు, పక్క స్పీకర్లకు పంచి కలిపే పనిని, ఇంత చిన్న గదిలో పూర్తిగా నమ్మడానికి వీల్లేదు. థియేటర్లో శబ్దపు స్థాయిని 85 డెసిబెళ్ళ ప్రమాణానికి సరిచూస్తారు, గది పెద్దది, తెర వెనుక నుంచి మాట వస్తుంది. పది అడుగుల గదిలో బాగున్న గంభీరమైన శబ్దం అక్కడ ముద్దగా మారవచ్చు. వీళ్ళు ఆ సంగతిని దాచలేదు. మిక్సింగ్‌ను ఇక్కడ సిద్ధం చేసి, చివరి ఒక్కరోజు పెద్ద మిక్సింగ్ థియేటర్‌కు వెళ్ళడం మంచిదని వాళ్ళే చెప్పారు. నా సినిమాలో మాట, సుత్తి దెబ్బ, గాలి తప్ప పెద్దగా సంగీతం లేదు కాబట్టి నేను వెళ్ళలేదు. పాటలు, పోరాటాలు ఉన్న కథా చిత్రమైతే వెళ్ళి తీరాలి. మా జిల్లాలో అటువంటి గది లేకపోవడం వీళ్ళ తప్పు కాదు.

కలర్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మధ్యాహ్నపు ఎండలో తెల్లగా మాడిపోయిన ఆకాశాన్ని తిరిగి తెప్పించడం ఎవరి తరమూ కాదు, ఆయన ఆ ప్రయత్నం చేయకుండా బండ నలుపును కాపాడారు. నాలుగు రోజుల్లో పని అయిపోయింది.

ఇక పొరపాటు. మేము సినిమాను సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తీశాం. థియేటర్లకు పంపే డిజిటల్ కాపీకి, అంటే డీసీపీకి, ఎక్కడైనా చెల్లే వేగం 24 ఫ్రేములు. ఆ మార్పు చేసేటప్పుడు శబ్దాన్ని విడిగా సవరించకుండా, మొత్తం సినిమాను ఆ వేగానికి సాగదీసి వదిలేశారు. 52 నిమిషాల సినిమా 54 నిమిషాల 10 సెకన్లు అయింది. నాలుగు శాతం నెమ్మది కంటికి తెలియదు, కాని శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టుకు కొంచెం తక్కువగా దిగిపోతుంది. ఉదయం ఆట మొదలుకాక ముందు ఒక థియేటర్ వారిని బతిమాలుకొని వేయించి చూసినప్పుడు నాకు గాని, యజమానికి గాని ఏ తేడా తెలియలేదు. సినిమాలో బండలు ఎత్తేటప్పుడు పాట పాడిన ఆమె మాత్రం తెర వైపు చూస్తూనే, “ఇది నా గొంతు కాదు సార్, పడిశం పట్టినప్పుడు పాడినట్టుండాది” అన్నది. ఇంటికి వచ్చి నిడివి చూస్తే సంగతి బయటపడింది. ఇది చిన్న తప్పు కాదు. ఏ చలనచిత్రోత్సవానికో పంపిన తరువాత తెలిసి ఉంటే పరువు పోయేది. యజమాని సాకులు చెప్పలేదు. శ్రుతిని తిరిగి పైకి తెచ్చి, సబ్‌టైటిళ్ళ సమయాలను సరిచూసి, రెండు రోజుల్లో డబ్బు తీసుకోకుండా కొత్త కాపీ ఇచ్చారు. అయినా డీసీపీ ఇచ్చేముందు నిడివిని సరిపోల్చుకోవడం మొదటి పాఠం, దానిని వాళ్ళు తప్పారు కాబట్టి ఆ విషయంలో నేను పూర్తి మార్కులు వేయలేను. మీరు వెళ్తే షూటింగుకు ముందే వేగం ఎంతో మాట్లాడుకోండి, వీలైతే 24లోనే తీయండి.

బిల్లు ఇలా వచ్చింది. ఎడిటింగ్‌కు రోజుకు 2,500 చొప్పున 19 రోజులకు 47,500 రూపాయలు, శబ్దానికి 28,000, కలర్‌కు 16,000, సబ్‌టైటిళ్ళకు 6,500, డీసీపీకి 8,000, మొత్తం 1,06,000. ఫుటేజీ సర్దిన వారానికి విడిగా ఏమీ తీసుకోలేదు. హైదరాబాదులో ఇదే పనికి నాకు చెప్పిన ధర, అక్కడ ఉండే ఖర్చు లెక్క వేయకుండానే, దీనికి రెట్టింపుకు కొంచెం తక్కువ. పని నాణ్యతకు ఈ ధర న్యాయమైనదే కాదు, తక్కువ కూడా. అయితే బిల్లు చివర 18 శాతం జీఎస్టీ కింద 19,080 రూపాయలు కలిశాయి. సంవత్సరానికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్న సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు కదా, ఇంత చిన్న స్టూడియో ఎందుకు నమోదు చేయించుకున్నదని అడిగాను. హైదరాబాదు నుంచి విడతలుగా వచ్చే డబ్బింగ్, సబ్‌టైటిల్ పనులే వీళ్ళకు నిలకడైన ఆదాయం, పన్ను బిల్లు లేనిదే ఆ నిర్మాతలు పని ఇవ్వరు. ఆరు శాతంతో సరిపెట్టే కాంపోజిషన్ పద్ధతిలోకి వెళ్దామంటే, అందులో ఉన్నవారు వేరే రాష్ట్రానికి సేవలు అమ్మకూడదు, బిల్లులో పన్ను చూపకూడదు. 2014 తరువాత హైదరాబాదు మనకు వేరే రాష్ట్రం. దాంతో నావంటి వ్యక్తి, తిరిగి రాబట్టుకునే మార్గం లేని పన్నును పూర్తిగా తన జేబులోంచి కట్టవలసి వస్తుంది.

ఆ బిల్లు ఇచ్చిన బల్ల పైనే, గోడకు, ఒక వినతిపత్రం నకలు అతికించి ఉంది. కడప, ప్రొద్దుటూరు, రాయచోటి ప్రాంతాల్లో ఎడిటింగ్, శబ్దం, గ్రాఫిక్స్ పనులు చేసే ముప్పై మంది దాకా సంతకాలు పెట్టారు. వీళ్ళలో ఎక్కువమంది పెళ్ళి వీడియోల మీద బతుకుతూ, మధ్యమధ్యలో సినిమా పని చేస్తారు. సంఘంగా నమోదు కావాలని ప్రయత్నిస్తున్నారు. చిత్రీకరణ అనంతర పనులు జిల్లాలోనే జరిగేట్టు పన్ను రాయితీ ఇవ్వాలన్నది వాళ్ళ ప్రధానమైన కోరిక. స్టూడియో సమీక్షలో ఈ కాగితం సంగతి ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. వచ్చే ఏడాది ఈ మెట్లెక్కేవారికి ఆ గదిలో ఎవరైనా ఉంటారా లేదా అన్నది ఈ కాగితం మీద కొంతైనా ఆధారపడి ఉన్నది కాబట్టి, బిల్లును చదివినంత శ్రద్ధగానే దీనినీ చదివాను.

అందులో నాకు పూర్తిగా ఒప్పుదలైన వాక్యం ఒకటి ఉంది. ప్రభుత్వాలు సినిమా అంటే షూటింగ్ అనే అనుకుంటాయి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరల మీద ఇచ్చిన 13వ నంబరు ఉత్తర్వులో, భారీ బడ్జెట్ సినిమాలు మొదటి పది రోజులు ధర పెంచుకోవాలంటే కనీసం 20 శాతం చిత్రీకరణ రాష్ట్రంలో జరగాలని షరతు పెట్టారు. ఓర్వకల్లు రాళ్ళ మధ్యనో, గండికోట లోయ అంచుననో పది రోజులు కెమెరా తిప్పితే అది లెక్కకు వస్తుంది, ఆ ఫుటేజీ మీద ఆరు నెలలు కూర్చొనే ఎడిటర్ ఎక్కడ ఉన్నాడన్నది లెక్కకు రాదు. షూటింగ్ వల్ల హోటలు గదులు నిండుతాయి, భోజనాలు అమ్ముడవుతాయి, ఆ యూనిట్ వెళ్ళిపోతుంది. ఎడిటింగ్ గది వల్ల వచ్చే జీతం నెలనెలా ఇక్కడే ఖర్చవుతుంది.

ఈ ఎడబాటు మనకు కొత్తది కాదు. కడప జిల్లా నుంచి వెళ్ళిన బి.ఎన్.రెడ్డి, తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామి మద్రాసులో వాహినీ స్టూడియోను నిలబెట్టారు. బి.ఎన్.రెడ్డి తమ్ముడు నాగిరెడ్డి చేతిలో అది విజయా వాహినీగా మారి, షూటింగ్ ఫ్లోర్లు, రికార్డింగ్, ఎడిటింగ్ ఒకే ఆవరణలో ఉన్న మహా స్టూడియోగా పేరు పొందింది. సీమ మనుషుల డబ్బు, బుద్ధి కలిసి కట్టిన ఆ గదుల్లో జీతాలు మద్రాసువే. తరువాత మన ప్రభుత్వం స్థలాలు, రాయితీలు ఇచ్చి, 1975లో ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టి, సినిమాను హైదరాబాదుకు రప్పించే ప్రయత్నం చేసింది. షూటింగులు ముందు వచ్చాయి. పాటల రికార్డింగ్‌కు, రీరికార్డింగ్‌కు, ల్యాబ్ పనికి ఫిల్ము డబ్బాలు చాలాకాలం మద్రాసు రైలెక్కుతూనే ఉన్నాయి. చిత్రీకరణ తరువాతి పని చివరగా వస్తుంది, వదిలేస్తే అసలు రాదు.

ఈ సంగతిని మిగతా లోకంలో సంఘాలు చాలా ముందుగా గ్రహించాయి. 1937 నుంచి ఉన్న అమెరికా మోషన్ పిక్చర్ ఎడిటర్స్ గిల్డ్ వంటి సంఘాలు జీతం పెంపుతో పాటు, పని ఊరు దాటి పోకుండా పన్ను చట్టాల కోసం కూడా శాసనసభ్యుల చుట్టూ తిరుగుతాయి. న్యూయార్క్ రాష్ట్రం 2010లో, చిత్రీకరణ ఎక్కడ జరిగినా అనంతర పని తమ దగ్గర చేస్తే చాలునని విడిగా 10 శాతం రాయితీ పెట్టింది. 2012లో దానిని 30 శాతానికి, మహానగరానికి దూరంగా ఉన్న ప్రాంతాల్లో అయితే 35 శాతానికి పెంచింది. ఆ అదనపు అయిదు శాతం మా కడప వంటి ఊళ్ళ కోసమే రాసినట్టు నాకు తోచింది. కాలిఫోర్నియా 2025లో తన సినిమా రాయితీ మొత్తాన్ని ఏడాదికి 33 కోట్ల డాలర్ల నుంచి 75 కోట్ల డాలర్లకు పెంచినప్పుడు కూడా, అనంతర పని మాత్రమే అక్కడ చేసే సినిమాలకు విడిగా చోటు దొరకలేదు, ఎడిటర్ల వర్గం అసంతృప్తికి అదే కారణం. మన సంగతికి వస్తే, కేంద్రం 2023 నవంబరులో 40 శాతానికి, గరిష్ఠంగా 30 కోట్ల రూపాయలకు పెంచిన ప్రోత్సాహకం ఎడిటింగ్, గ్రాఫిక్స్ పనులకూ వర్తిస్తుంది, కాని అది విదేశీ సినిమాలకు. ఎర్రగుంట్లలో తీసి కడపలో ముగించే సినిమాకు అందులో చోటు లేదు. 2025 ఆగస్టులో హైదరాబాదులో ఫిల్మ్ ఎంప్లాయీస్ ఫెడరేషన్ చేసిన సమ్మె కూడా ప్రధానంగా 30 శాతం వేతన పెంపు చుట్టూ నడిచింది. సంఘం సభ్యత్వ కార్డు లేని మా జిల్లా ఎడిటర్లకు ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండదు.

కాని వినతిపత్రంలోని అసలు కోరిక దగ్గర నాకు అభిప్రాయభేదం ఉంది. అనంతర పనుల మీద వసూలైన జీఎస్టీలో రాష్ట్ర వాటాను తిరిగి ఇవ్వాలని వాళ్ళు అడుగుతున్నారు. నా బిల్లుకు ఇది సరిపోతుంది: 19,080లో రాష్ట్ర వాటా 9,540 రూపాయలు, అది తిరిగి వస్తే నాకు సంతోషమే. అయితే జీఎస్టీ పని జరిగిన చోటుకు కాక, సేవ అందుకున్నవాడి చోటుకు చేరే పన్ను. హైదరాబాదు నిర్మాత కడపలో డబ్బింగ్ చేయిస్తే ఆ పన్నులో రాష్ట్ర వాటా తెలంగాణకు వెళుతుంది, తిరిగి ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ చేతిలో దాని రూపాయి కూడా ఉండదు. పైగా ఆ నిర్మాత తాను కట్టిన 18 శాతాన్ని, సినిమా హక్కులు అమ్మేటప్పుడు కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకుంటాడు కాబట్టి, అతనికి అది ఖర్చే కాదు. అంటే బయటి నుంచి రావలసిన పని కోసం అడిగిన రాయితీ, బయటి పనికే వర్తించకుండా పోతుంది, నావంటి సొంత డబ్బు పెట్టేవాడికి మాత్రమే అక్కరకు వస్తుంది. ఇదే లెక్కను తిరగవేసి చూస్తే ఇంకొకటి కనబడుతుంది. నేను హైదరాబాదులోనే పని చేయించి, బిల్లు మీద కడప చిరునామా రాయించి ఉంటే, పన్నులో రాష్ట్ర వాటా ఎలాగూ ఆంధ్రప్రదేశ్‌కే వచ్చేది. పని తరలిపోతే రాష్ట్రం పోగొట్టుకునేది పన్ను కాదు, ఆ ముగ్గురి జీతాన్ని.

అందుచేత అడగవలసింది జీతం మీద లెక్క కట్టే రాయితీ. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ పనులకు ఇచ్చే రాయితీని 2015లో అనంతర పనులకు కూడా వర్తింపజేసింది. అది అక్కడి మనుషులకు చెల్లించిన జీతాల్లో 16 శాతం. నా బిల్లులో ముగ్గురి జీతాల కింద పోయినది దాదాపు 70,000 అని యజమాని లెక్క చూపించారు. ఆ పద్ధతిలో 11,200 రూపాయలు వస్తాయి, పని ఇచ్చింది నేనైనా, హైదరాబాదు నిర్మాత అయినా. కంప్యూటర్లు, స్పీకర్ల కొనుగోలు మీద సబ్సిడీ కావాలని కూడా వినతిపత్రంలో ఉన్నది గాని, దానిని నేనైతే కొట్టేస్తాను. యంత్రం కొన్నవాడికి డబ్బు ఇస్తే యంత్రం మిగులుతుంది, మనిషి మిగులుతాడన్న హామీ లేదు. హైదరాబాదులో కూడా శాఖ ఉన్న ఒక పేరున్న అమెరికా విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా తీసింది. అదే నెలలో ఆస్కార్ వేడుక బయట గ్రాఫిక్స్ పనివాళ్ళు ధర్నా చేసినప్పుడు వాళ్ళ ప్రధానమైన ఫిర్యాదుల్లో ఒకటి, రాయితీల వెంట పని దేశదేశాలు పరుగెడుతున్నదని. ఎక్కువ ఇచ్చే ఊరు దొరికితే స్టూడియో మళ్ళీ సామాను సర్దుకుంటుంది. ముందుగా ఇచ్చే సబ్సిడీ కన్నా, జీతం చెల్లించిన తరువాత రశీదు చూసి ఇచ్చే రాయితీకి ఆ ప్రమాదం తక్కువ, పూర్తిగా లేదని నేను అనను. ఈ మాటలన్నీ యజమానితో చెబితే, ఆయన వినతిపత్రాన్ని గోడ మీది నుంచి తీసి, వెనుకవైపు రాసుకున్నారు. తరువాతి నకలులో ఏమి మిగిలిందో చూడాలి.

వెళ్ళదలచినవారికి మిగిలిన వివరాలు ఇవి. పెళ్ళిళ్ళ కాలంలో సినిమా పని ముందుకు సాగదు, మూఢం రోజుల్లో గది ఖాళీగా ఉంటుంది, అప్పుడు మాట్లాడుకుంటే రోజు ధర కూడా కొంత తగ్గుతుంది. సగం డబ్బు ముందుగా ఇవ్వాలి. పని ముగిశాక ప్రాజెక్టును ఆరు నెలలు భద్రపరుస్తారు, ఆపైన మన హార్డ్ డిస్కు మనం తెచ్చుకోవాలి. డాక్యుమెంటరీకి, లఘుచిత్రానికి, మాటలు ఎక్కువగా ఉన్న చిన్న సినిమాకు నేను సందేహం లేకుండా ఈ గదిని సూచిస్తాను. గ్రాఫిక్స్ ఎక్కువగా ఉంటే వద్దు. శబ్దం బాగు చేయించుకోవలసిన పని ఉన్నవారు మాత్రం దసరాలోపే వెళ్ళడం మంచిది. పాలిష్ యంత్రం రొదలోంచి మాటను వెలికితీసిన ఆ యువకుడికి హైదరాబాదులో ఒక డబ్బింగ్ సంస్థ నెలకు ఇక్కడికన్నా పన్నెండు వేలు ఎక్కువ ఇస్తానన్నదట, పండుగ తరువాత చేరుతున్నాడు. అతని స్థానంలో ఎవరు వస్తారని అడిగితే, సబ్‌టైటిళ్ళు చూసే అమ్మాయికి ఇప్పుడు నేర్పిస్తున్నామని యజమాని చెప్పారు. నేను వచ్చేటప్పటికి ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకొని, బండ మీద సుత్తి దెబ్బ పడిన ఆ పదకొండు క్షణాల ముక్కనే మళ్ళీ మళ్ళీ వింటున్నది.